పప్పు పొట్లాల సేనాపతి

పిచ్చిది అనిపించుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. మా తోటికోడలు ఆ పేరు ఒక్క నెలలో తెచ్చుకుంది, అదీ ఇంగ్లీషులో. నన్ను పిచ్చిది అన్నప్పుడు కోడుమూరు బజారంతా నవ్వింది. ఆమె తనను తాను గీక్ అని చెప్పుకున్నప్పుడు కర్నూలు నుంచి పిలుపు వచ్చింది. ఒకే జబ్బుకు ఒక పేరు పెడితే దిష్టి తీస్తారు, ఇంకో పేరు పెడితే శాలువా కప్పుతారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ జరిగాయి కాబట్టి రాయాలనిపించింది.

మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇంటిని మా ఆయన, ఆయన తమ్ముడు మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. అటు తిరగమోత వేస్తే ఇటు తుమ్ములు వచ్చేంత పల్చని గోడ. అటువైపు మా తోటికోడలు, పదో తరగతి చదివింది. ఇటువైపు నేను, సంతకం బదులు వేలిముద్ర వేసేదాన్ని.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్లో సాయంత్రాలు బడి వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. మాకిచ్చిన వాచకం నిండా మంచి మాటలే. నీళ్లు కాచి తాగాలి. చేతులు కడుక్కోవాలి. పొదుపు చేయాలి. ఇన్నేళ్లు పొయ్యి ముందు కూర్చున్న ఆడదానికి నీళ్లు కాచమని చెప్పడానికి ఇన్ని గుణింతాలు కావాలా అనుకునేదాన్ని. అక్షరాలు వచ్చాయి గానీ వాటితో చేసే పని దొరకలేదు. ఇంట్లో ఉన్నవి స్తోత్రాల పుస్తకాలు. వాటిలో ఒక్కో మాట గూడ్సు బండంత పొడుగు, చివరి పెట్టె వచ్చేసరికి ఇంజను మర్చిపోయేదాన్ని.

చదవడానికి ఏదైనా దొరికిందంటే అది అంగడిలోనే. కర్నూలు నుంచి పాత వారపత్రికలు కట్టలు కట్టి తూకానికి వచ్చేవి. మధ్యాహ్నం బేరం లేని వేళ వాటిని పొట్లాలకు చింపడం నా పని. దానికి మా అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. కట్ట విప్పి పైనుంచి ఒక్కొక్కటీ తీయాలి. పేజీ పైభాగం, పెద్ద అక్షరాలు ఉండే బెత్తెడు ముక్క, అడ్డంగా చింపి పక్కన పెట్టాలి. అవి పసుపుకు, ఆవాలకు, లవంగాలకు. కింద మిగిలిన పెద్ద ముక్క కందిపప్పుకు, బెల్లానికి. కథల తలలన్నీ పసుపుకు పోయేవి, మొండేలు పప్పుకు మిగిలేవి.

ఒక మధ్యాహ్నం అలాంటి మొండెం ఒకటి కూడబలుక్కుని చదివాను. యుద్ధంలో ఒక సేనాపతి బాణం దెబ్బకు కూలాడు. ఒక కుమ్మరి పిల్ల అతని తల ఒళ్లో పెట్టుకుంది. అతను ఏదో చెప్పబోయాడు, ప్రాణం పోయింది. అంతే. ఆ ముక్క చదవడం పూర్తయ్యేసరికి అంగడి ముందు నీడ వీధి దాటింది, ఇద్దరు బేరగాళ్లు పిలిచి పిలిచి వెళ్లిపోయారు. వాచకంలో ఇంతమంది నీళ్లు కాచుకున్నారు, ఒక్కరూ చావలేదు. చదువు దేనికో నాకు ఆరోజు అర్థమైంది.

తర్వాతి పత్రికలు తీసినకొద్దీ అదే కథ వచ్చింది. మనుషుల నీడల్ని పట్టి కుండల్లో దాచే మాంత్రికుడి సీరియల్ అది. నేను తర్వాత తీసిన ముక్కలో చచ్చిన సేనాపతి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, కుమ్మరి పిల్లను పెళ్లి చేసుకుంటున్నాడు. నేల మీద అతని నీడ మాత్రం పడటం లేదు. చచ్చినవాడికి నీడ ఉండదని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అంటే తాను చచ్చానని అతనికి తెలియదు. ఆ పిల్లకు తెలుసు, తన ఒళ్లోనే కదా ప్రాణం పోయింది. తెలిసీ చెప్పదు. తాళి కట్టించుకుంటుంది, అన్నం పెడుతుంది. ఇంకా కిందికి పోతే అతను పెళ్లి మర్చిపోతాడు. కట్ట అడుగుకు వచ్చేసరికి అతను ఆమె కుమ్మరి సారె ముందు నిలబడి, "ఎవరు పిల్లా నువ్వు? దాహంగా ఉంది" అంటాడు. ఆమె ఏమీ అనకుండా కొత్త ముంతలో నీళ్లిస్తుంది. అక్కడితో అయిపోయింది.

ఆ ముంత నీళ్ల దగ్గర నేను రెండు రోజులు కూర చెడగొట్టాను.

ఇలాంటిది లోపల దాచుకోవడం కష్టం. మగ్గాల వీధి నుంచి సరుకులకు వచ్చే ఒకామెకు చెప్పాను. నాకంటే పెద్దది, చీర అంచులు నేసి నేసి మెడ ఒకవైపుకు వంగిపోయింది. ఆమె పప్పు తీసుకోవడం మర్చిపోయి మెట్టు మీద కూర్చుంది. మా ఎదురింట్లో బట్టలు కుట్టే ముస్లిం చెల్లెలు జాకెట్టు గుండీలు చేతిలో పట్టుకుని వచ్చి చేరింది. అలా నా మధ్యాహ్నాలు మొదలయ్యాయి. ఇద్దరూ ముగ్గురయ్యారు, ముగ్గురూ ఆరుగురయ్యారు. నేను చదవాలి, వాళ్లు వినాలి, తర్వాత అందరం కలిసి కొట్లాడుకోవాలి. సేనాపతి చచ్చాడని కుమ్మరి పిల్ల అత్తకు తెలుసా లేదా అన్న దాని మీద మగ్గాల వీధామెకూ దర్జీ చెల్లెలికీ ఒక వారం మాటల్లేవు.

ఇల్లూ వాకిలీ, మొగుడూ అత్తా తప్ప ఆ వయసులో నాదంటూ ఉన్నది ఆ మధ్యాహ్నం ఒక్కటే. అందుకే దాన్ని కొంచెం గర్వంగా కూడా ఏలాను. సీరియల్ ముక్క పొట్లంగా ఎవరింటికైనా పోయి ఉంటే వెతికి తేవాలని చట్టం పెట్టాను. కాగితం తేనివాళ్లు వెనక కూర్చోవాలి. కొందరు కారప్పొడి కట్టిన ముక్కలు తెచ్చేవారు. అవి చదువుతుంటే నా కళ్లు ధారలు కట్టేవి, కథ మహిమ అనుకుని వాళ్లూ ఏడ్చేవారు. వద్దనలేదు.

బజారుకు మేమొక వేడుక. "ఏమప్పా శెట్టీ, మీ ఇంట్లో ఆయమ్మ పొట్లాలకు మంత్రాలేస్తాందంటనే? పప్పు ఉడుకుతాదా లేదా?" అని మా ఆయన్ను అడిగేవారు. ఆయన తక్కెడ ఎత్తి చూపించి, "తూకం మాత్రం మనుషులదే లేప్పా" అనేవాడు. అందరికంటే మా తోటికోడలి నవ్వు పెద్దది. గోడ అవతల నుంచి వినబడేట్టే నవ్వేది.

"పదో తరగతి చదివినా, ఇట్లాంటి దయ్యాల కతలు నేనెప్పుడూ ముట్టలే అక్కా. చదువు రానోళ్లకు చదువొస్తే ఇట్లనే ఉంటాది" అనేది.

తర్వాత కొన్నేళ్లకు ఆ సీరియల్ టీవీలో వచ్చింది.

మొదటి భాగం నాడు అందరం తోటికోడలి రంగుల టీవీ ముందే కూర్చున్నాం. తెర మీద ఒక యువకుడు గుర్రం దిగి, కుమ్మరి సారె ముందు నిలబడి, "ఎవరు పిల్లా నువ్వు? దాహంగా ఉంది" అన్నాడు. మా వాళ్లంతా నావైపు తిరిగారు.

"ఇదేంది శెట్టెమ్మా, ఆఖరుది ముందే చూపిస్తాండారే" అంది మగ్గాల వీధామె.

"టీవీవాళ్లు అంతే అక్కా, జనాన్ని లాగేదానికి ముందే చూపిస్తారు. రేపట్నుంచి మొదట్నుంచి వస్తాది చూడు" అన్నాను.

రాలేదు. టీవీలో సేనాపతి బతికే ఉన్నాడు. మాంత్రికుడు నీడ ఎత్తుకుపోతే వెతుక్కుంటూ తిరుగుతున్నాడు, గొడుగు పోగొట్టుకున్నవాడిలా. "కథ మార్చేసినారు" అన్నాను నేను. మావాళ్లు తలలూపారు. ఊపుతూనే మర్నాడు కూడా చూశారు.

చూడనివాళ్లు ఎవరు? ఊరికి ఊరు పడిపోయింది. మమ్మల్ని చూసి నవ్విన బజారే సేనాపతి ఉంగరాలు అమ్మింది. మహానంది తిరునాళ్లలో గుప్పెడంత మట్టికుండలకు మూత పెట్టి నీడల కుండలని అమ్మారు. కొన్నవాళ్లు మూత తీసి చూసి, లోపల ఏమీ లేదని సంబరపడి మళ్లీ మూసుకున్నారు. మగ్గాల వీధిలో కుమ్మరి పిల్ల చీరకు ఆర్డర్లు వచ్చాయి. టీవీలో ఆ పిల్ల కట్టింది మిల్లు చీర. దాన్ని చూసి మగ్గం మీద నేయమన్నారు. కర్నూలు, కడప కాలేజీ పిల్లలు అభిమానుల సంఘం పెట్టి, కుండ బొమ్మ వేసిన నల్ల చొక్కాలు తొడిగి మే నెల ఎండలో తిరిగారు. భక్తి అంటే అదీ.

మా తోటికోడలు ఆ సంఘంలో చేరింది. అక్కడ నేర్చుకుని వచ్చి నాకు చెప్పింది. "ఒకదాని మింద పిచ్చి పట్టినోళ్లను గీక్ అంటారంట అక్కా. ఇప్పుడు అది గొప్పంట. నేను గీకంట."

"నేను?" అన్నాను.

ఆమె కొంచెం ఆలోచించింది. "నువ్వు పేపర్లో చదివినావు కదా" అంది, జాలిగా.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోవచ్చు. నవ్వు రానిది ఇంకొకటి జరిగింది. సాయంత్రం వేసిన భాగాన్నే మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేయడం మొదలుపెట్టారు. సరిగ్గా మా వేళకే. "ఒక్క దినం చూసొస్తాం లే శెట్టెమ్మా" అన్నారు. దర్జీ చెల్లెలైతే, "కుట్టుపని శానా ఉండాది అక్కా" అని నాతో చెప్పి, గోడ అవతల కూర్చుని దగ్గింది. దగ్గు కూడా వినబడే గోడ మాది. ఆరుగురు ముగ్గురయ్యారు, తర్వాత ఎవరూ లేరు. నా మధ్యాహ్నం గోడ దాటి అటు వెళ్లిపోయింది. నేను కాగితాల ముందు ఒక్కదాన్నే కూర్చుని, అటు నుంచి వచ్చే డైలాగులు వినేదాన్ని.

"ఇప్పుడు పొట్లాలు తొందరగా చింపుతాండావు" అన్నాడు మా ఆయన. మెచ్చుకోలే అనుకున్నాడు.

అప్పుడు కర్నూలులో ఒక కల్యాణమండపంలో అభిమానుల పండుగ అన్నారు. ఆటలు, పాటలు, సీరియల్ మీద పోటీ. మా తోటికోడలు అందరికీ పాసులు తెచ్చింది. దర్జీ చెల్లెలు నా దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది. దగ్గు సంగతి నేనూ ఎత్తలేదు.

"నువ్వు రావాల అక్కా. పోటీలో నిలబడాల. ఆ పిల్లకాయలు పుట్టకముందు చదివినావు నువ్వు" అంది. పుట్టకముందు కాదు గానీ ఆ మాట నాకు రుచిగా ఉంది. నేను అక్కడ గెలిస్తే మధ్యాహ్నాలు మళ్లీ గోడ ఇటు వస్తాయి అనుకున్నాను. పెళ్లినాటి చీర కట్టుకున్నాను.

మండపం వాకిట్లో ఒక ఇంజనీరింగ్ పిల్ల మా చేతులకు కుండ ముద్రలు వేసింది. కడప అమ్మాయి. నల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది.

"మేమంతా మొదటి నుంచీ ఫ్యాన్సు ఆంటీ. మమ్మల్ని చూసి ఎంత నవ్వేవాళ్లో. ఇప్పుడు మా కాలం వచ్చింది" అంది.

"ఎన్నాళ్లు నవ్వినారమ్మా?"

"ఉగాది నుంచి ఆంటీ."

అది వేసవి కాలమే. పాపం, చాలా బాధపడి ఉంటుంది.

పోటీకి వేదిక మీదికి కొందరిని పిలిచారు. అందులో మా తోటికోడలు, నేను. చేతిలో మైకు పట్టుకున్న పిల్లాడు టీవీవాళ్ల మనిషి, ప్రతి మాటకూ ముందు 'సో' అంటాడు. తోటికోడల్ని కుమ్మరి పిల్ల పెళ్లినాటి గాజులు ఏ రంగని అడిగాడు. ఆమె ఆకుపచ్చ అంది. చప్పట్లు. సాహిత్యం మీద అంతకంటే లోతైన ప్రశ్న ఎవరినీ అడగలేదు. నా ఒక్కదానికి తప్ప.

"సో అమ్మా, సేనాపతికి నీడ ఎందుకు లేదు?"

కింద మొదటి వరసలో మావాళ్లు కూర్చుని ఉన్నారు. మగ్గాల వీధామె వంగిన మెడ నిలబెట్టి మరీ చూస్తోంది. టీవీలో ఏం చెప్పారో నాకు తెలుసు. గోడ అవతల నుంచి రోజూ విన్నదే. అది చెబితే గెలుస్తాను. కానీ అది చెబితే మా మెట్టు మీద ఇన్నేళ్లు ఏడ్చిన ఏడుపు దేనికి?

"సచ్చిపోయినాడు కాబట్టి" అన్నాను.

మండపం ఒక్కసారిగా నవ్వింది. మైకు పిల్లాడు నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, చచ్చిపోయేది చివర్లో. పత్రికలో ఆఖరి భాగం అది. మీరు మొదటి భాగం నుంచి చదవలేదా?" అన్నాడు.

చదవలేదు. నాకు ఆ క్షణంలో మా అంగడి, కట్ట, మా అత్తగారి పద్ధతి కళ్ల ముందు నిలిచాయి. ఎవరైనా పాత పత్రికలు ఎలా దాస్తారు? ఈ వారానిది పోయిన వారం దాని మీద పెడతారు. అన్నిటికంటే కొత్తది పైన ఉంటుంది. నేను పైనుంచి తీశాను. ఎన్నో భాగమో చెప్పే తలలు పసుపు పొట్లాలుగా ఊరంతా పోయాయి. వెనక నుంచి ముందుకు చదివి, నడిచే చచ్చినవాణ్ణి తయారుచేసి, ఆరుగురు ఆడవాళ్లను ఇన్నేళ్లు ఏడిపించాను.

"పప్పు కట్టే కాగితాల్లో చదివినా నాయనా. అవి అట్లనే వచ్చినాయి" అన్నాను.

అప్పుడు నవ్వు చప్పట్లుగా మారింది. గాజుల రంగు చెప్పినామెకు వచ్చినవాటికంటే పెద్దవి. 'అసలైన గీక్ ఈమే' అని మైకు పిల్లాడు అరిచాడు. కడప పిల్ల వచ్చి నా చీర మీదుగానే నల్ల చొక్కా తొడగబోయింది. నా భుజం దగ్గరే ఆగిపోయింది అది. మెడలో వేలాడదీసి ఫొటోలు తీశారు. బజారులో నవ్వినవాళ్లు నయం, నవ్వి వాళ్ల పని చూసుకున్నారు. వీళ్లు నవ్వి, చొక్కా తొడిగి, పక్కన నిలబడి పళ్లికిలించారు.

కోడుమూరు బస్సు ఎక్కాం. మా తోటికోడలు ముందు సీట్లో బహుమతి కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో మేం ముగ్గురం. నేనే మొదలుపెట్టాను. కట్ట సంగతి, పైనుంచి తీసిన సంగతి, తలల సంగతి అన్నీ చెప్పాను. ఇక ఈ ముఖంతో మధ్యాహ్నాలు అడగలేను అనుకున్నాను.

మగ్గాల వీధామె కిటికీ వైపు నుంచి నావైపు తిరిగింది.

"అయితే శెట్టెమ్మా, ఆయప్ప సచ్చినాడని తెలిసి గూడా ఆ పిల్ల అన్నం పెట్టేది... అది వాళ్ల కతలో లేదా?"

"లేదక్కా."

"ఆఖర్న గుర్తుపట్టకపోయినా నీళ్లిచ్చేది?"

"అది మొదట్లో అంట. అప్పటికి పరిచయమే లేదంట."

"ఓ. ముక్కు మొగం తెలీనోడికి నీళ్లిచ్చిందా." ఆమె మొహంలో రుచి చెడినట్టయింది. "అట్లయితే దాంట్లో ఏముండాది? మా ఇంటికాడ దినామూ ఇస్తాం."

దర్జీ చెల్లెలు నా మెడలో వేలాడుతున్న చొక్కాను రెండు వేళ్లతో పట్టి, కుట్టు తిరగేసి చూసింది. "కుట్టు గూడా సరిగ్గా లేదక్కా, రెండు ఉతుకులకు ఊడిపోతాది" అంది. తర్వాత ఊరు దగ్గరపడుతుండగా, "మనం ఎప్పటినుంచో పిచ్చోళ్లమే కదా. దానికి వీళ్ల ముద్ర ఏల?" అని చేతి మీద కుండ ముద్రను కొంగుతో రుద్దింది. అది పోలేదు. నా చేతి మీదదీ వారం దాకా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం చొక్కాను తక్కెడ తుడిచే గుడ్డ చేసి, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మగ్గాల వీధామె వచ్చి మెట్టు మీద తన చోట కూర్చుంది. దర్జీ చెల్లెలు గుండీలు తెచ్చుకుంది. నేను కట్ట విప్పాను. కింద నుంచి తీయాలా, పైనుంచి తీయాలా అని చెయ్యి ఆగింది.

"పైనుంచే" అన్నారిద్దరూ.

చదవడం మొదలుపెట్టాను. గోడ అవతల టీవీలో కత్తులు మోగుతున్నాయి. దర్జీ చెల్లెలు గోడ మీద చేత్తో తట్టి కేకేసింది.

"కొంచెం సౌండు తగ్గించమ్మా. ఈడ సచ్చినోడు మాట్లాడతాండాడు."

అవతల కత్తుల చప్పుడు తగ్గింది. కాసేపటికి పూర్తిగా ఆగింది. గోడకు అటువైపు ఎవరో పీట జరుపుకుని కూర్చున్న చప్పుడైంది. ఎవరో నాకు తెలుసు. కాగితం తేలేదు కాబట్టి వెనక కూర్చున్నట్టే లెక్క. నేను గొంతు కొంచెం పెంచి చదివాను.